రమాబాయి మౌనవ్రతం

మా మామగారు వామన్‌రావుగారికి ఒక గట్టి నమ్మకం ఉండేది. ఇంట్లో మంచి ఏది జరిగినా అది వంశం గొప్పతనం, చెడు ఏది జరిగినా అది ఆడవాళ్ల తెలివితక్కువతనం. ఆయన మాల్ దఫ్తరులో, అంటే రెవెన్యూ ఆఫీసులో, గుమాస్తా. నిజాం జమానాలో ఉర్దూలో రాసిన కాగితాలనే జమానా మారాక ఇంగ్లీషులో రాయడం నేర్చుకున్నారు. రెండు భాషల్లోనూ తప్పులు సరిసమానంగా ఉండేవని మా ఆయన సదాశివ నాకొక్కదానికే చెప్పి నవ్వేవాడు. తండ్రి ముందు మాత్రం నోరు లేచేది కాదు.

గౌలిపురలోని ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చింది 1951లో. అత్తగారు అప్పటికే పోయారు. భార్య పోయిన మగవాడు ఎలా బతుకుతాడో మామగారిని చూస్తే తెలిసేది. రెండు పూటలా నెయ్యి వేసిన భోజనం, చెవిలో అత్తరు దూది, పక్కన వెండి పాన్‌దాన్, అందులో ఆకులు, సున్నం, కాచు, వక్క, జర్దా. మొగుడు పోయిన ఆడది ఎలా బతుకుతుందో తెలియాలంటే అదే ఇంట్లో ఇంకో పది అడుగులు నడిచి వంటింట్లోకి వెళ్లాలి. అక్కడ ఆయన చనిపోయిన అన్నగారి భార్య రమాబాయి ఉండేది. నాకు పెద్దత్తమ్మ. నెలకోసారి మంగలి గీసే తల, దాని మీద జేగురు రంగు చీర కొంగు, రోజుకు ఒక్క పూట అన్నం. ఏకాదశినాడు మంచినీళ్లు కూడా లేవు. ఇరవై రెండో ఏట మొగుడు పోయిన దగ్గర్నుంచి ఇరవై ఏళ్లుగా ఇదే. అందరికీ వండి వడ్డించే మనిషికి ఆకలి వేయడం ఏదో దురలవాటైనట్టు ఉండేది ఆ ఇంటి వ్యవహారం.

ఆమె నోరు మాత్రం ఎవరికీ లోబడలేదు. నేను కాపురానికి వచ్చిన మూడో రోజున వంకాయలు తరిగి ఇస్తే ఆ పళ్లెం వైపు చూసి, "పిల్లా, వంకాయలు తరిగినవా, వాటికి తద్దినం పెట్టినవా?" అంది. పురోహితుడు మంత్రాలు మింగేస్తే వంటింట్లోంచే, "అయ్యగారూ, దక్షిణ గూడ గట్లనే సగం మింగి ఇస్తం, ఏమనుకోవద్దు" అనేది. మామగారిని కూడా వదిలేది కాదు. ఆయన ప్రమోషన్ గురించి ఎప్పుడు మొదలుపెట్టినా, "వస్తది లే వామన్‌రావ్, కుర్చీ అరిగేదాక కూసుంటే కొత్త కుర్చీ ఇస్తరు" అనేది. ఆయన నవ్వనూ లేక, కోప్పడనూ లేక, పాన్ నోట్లో పెట్టుకుని బయటికి వెళ్లిపోయేవారు.

నేను వచ్చిన నెలలోనే ఆమె రహస్యం కనిపెట్టాను. పోపుల డబ్బా కింది అరలో మిరియాల పక్కన వక్కపలుకులు ఉండేవి. విధవకు తాంబూలం నిషిద్ధం. ఆకూ సున్నం కలిపి నమిలితే నోరు ఎర్రబడుతుంది, అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఆమె ఉత్త వక్క వేసుకునేది. ఎడమ బుగ్గలో పెట్టుకుని రోజంతా నానబెట్టి చప్పరించేది.

"ఏంది పెద్దత్తమ్మా ఇది?" అన్నాను.

"ఆకలికి మందు. బుగ్గల పెట్టుకుంటే రెండు గంటలు పొట్ట అడగది. చెప్పుకుంటే చెప్పుకో పో, నీ మామకు."

నేను చెప్పలేదు. చెప్పకపోగా సాయం కూడా చేశాను. ఆ ఇంట్లో వక్కలకు కరువు లేదు. వ్రతాలు, నోములు, సంభావనలు, ప్రతిదానికీ వక్కలే. సత్యనారాయణ వ్రతంలో నవగ్రహాలుగా కూర్చోబెట్టిన తొమ్మిది వక్కలను మర్నాడు నేనే ఏరి ఆమెకు ఇచ్చేదాన్ని. అడకత్తెరతో వాటిని పలుకులు చేస్తూ ఆమె ఒకసారి అంది, "ఇరవై ఏండ్ల సంది శనిని గూడ నమిలి మింగుతున్న. ఇంక నన్ను పట్టుకునేటందుకు ఎవడు మిగిలిండు?" ఇద్దరం పమిట కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

1952 ఎండాకాలంలో కొత్తావకాయ కలుపుతూ రుచి చూసి ఆమె "అబ్బా" అని నాలుక బయటపెట్టింది. మంట అంది. మిరపకాయ ఘాటుది అనుకున్నాం. తర్వాత పచ్చిపులుసు మంట, చారు మంట, చివరకు ఉప్పు వేసిన గంజి కూడా మంట. కారం మానేసింది, పులుపు మానేసింది. వక్క మాత్రం మానలేదు, ఎందుకంటే తిండి తగ్గిన కొద్దీ ఆకలి పెరిగింది.

మరుసటి ఏడు ఒక పొద్దున పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని ఊదుతూ ఉంది. నిప్పు రాజుకోలేదు. గాలంతా పెదవుల పక్కల నుంచి పోతోంది. మళ్లీ ఊదింది. బుగ్గలు ఉబ్బడం లేదు, రాతి పలకల్లా ఉన్నాయి. గొట్టం నాకిచ్చి, "నువ్వు ఊదు. నా ఊపిరి ముసలిదైంది" అంది. ఊపిరి బాగానే ఉంది. బుగ్గలే బిగుసుకుపోయాయి. అన్నం ముద్దలు చిన్నవయ్యాయి, రొట్టె పాలలో నానబెట్టుకోవలసి వచ్చింది, మాటలు నలిగి రావడం మొదలైంది. ఆవులింత వస్తే దవడ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకునేది. మెల్లమెల్లగా మాట్లాడటం తగ్గించింది. ఒక మాటను రెండుసార్లు చెప్పడం ఆ మనిషికి చచ్చేంత నామోషీ.

ఇంట్లో మగవాళ్లు ఇదంతా చూశారా అంటే, చూశారు. మామగారు, "వదినెకు ఈ మధ్య శాంతం వచ్చింది" అని సంతోషించారు.

అసలు తమాషా 1954లో మొదలైంది. మా పక్కింట్లో మాణిక్యమ్మ అని ఒకావిడ ఉండేది. మైలను గోడ అవతల నుంచే పసిగడతానని ఆవిడకు గర్వం. ఒకరోజు పెరుగు తోడు కోసం వచ్చి, పెద్దత్తమ్మ ఉప్పులేని గంజి చెంచాతో తాగుతూ ఉండటం చూసింది. పలకరిస్తే పెద్దత్తమ్మ చెయ్యి ఊపింది తప్ప మాట్లాడలేదు.

"ఇయ్యాల ఏకాదశి గాదు గద?" అంది మాణిక్యమ్మ.

"రెండేండ్ల సంది ఉప్పుకారాలు ముట్టుకోరు. మాట్లాడుడు గూడ తక్కువే" అన్నాను నేను, నిజమే కదా అని.

మాణిక్యమ్మ కళ్లు పెద్దవయ్యాయి. చేతిలో గిన్నె కింద పెట్టి దండం పెట్టింది. అప్పుడే పాన్ నములుతూ లోపలికి వచ్చిన మామగారు ఆ దండం చూశారు. సంగతి విన్నారు. ఆయన ముఖంలో మొదట ఆశ్చర్యం, తర్వాత లెక్క, తర్వాత భక్తి, వరుసగా కనిపించాయి.

"ఔనమ్మా" అన్నారు గొంతు తగ్గించి. "మా వదినెది కఠినమైన నియమం. మౌనం, అల్పాహారం. బయట చెప్పుకోవద్దని ఊకున్నం."

రెండు వారాలు తిరక్కుండా గౌలిపుర దాటి శాలిబండ దాకా ఈ కబురు పాకింది. ఏకాదశి మధ్యాహ్నం ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. పొద్దున్నే పనిమీద బయల్దేరినప్పుడు పెద్దత్తమ్మ ఎదురొస్తే చెప్పులు విడిచి ఇంట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరిన ఆడవాళ్లే వాళ్లు. ఇప్పుడు ఆమె పాదాలు కళ్లకు అద్దుకున్నారు. హాల్లో పీట వేసి కూర్చోబెట్టారు. మామగారి పై ఆఫీసరు భార్య సుశీలమ్మగారు కూడా వచ్చారు. ఆ ఏడాది చివర మామగారు సూపరింటెండెంటు అయ్యారు. ఒక ఆడదాని దవడలు బిగుసుకుపోతే ఒక మగవాడి జీతం పెరగడం నేను చూసింది అదే మొదలు.

వచ్చినవాళ్లు దేవుడి ముందు పళ్లేలు పెట్టి వెళ్లేవారు. కొబ్బరికాయలు, అరటిపళ్లు, ఆకులు, వక్కలు. కొబ్బరీ పళ్లూ మామగారికి. వక్కలు పోపుల డబ్బాలోకి.

పెద్దత్తమ్మకు ఇది నచ్చలేదని చెబితే నేను అబద్ధం ఆడినట్టే. మొదట్లో నా చెవిలో, "గొర్లు" అంది. కానీ ఏకాదశి వచ్చిందంటే పొద్దున్నే ఉతికిన చీర కట్టుకునేది. ఇరవై ఏళ్లు ముఖం తిప్పుకున్న వాడకట్టు తన కాళ్ల దగ్గర కూర్చుంటే ఏ మనిషికి బాగుండదు? ఆమె కూడా మనిషే. నేనూ వాళ్లతో పాటు మొక్కాను, మామగారు చూస్తున్నారని. అన్నీ తెలిసి మొక్కినదాన్ని నేనొక్కదాన్నే.

పాలు మాత్రం ఆమె కళ్లముందు పితికినవే కావాలి. అందుకని రోజూ పొద్దున చెంబు పట్టుకుని ఈశ్వరయ్య బర్రెల కొట్టానికి తానే వెళ్లేది. అక్కడికే రాహేలు అనే మనిషి వచ్చేది. సర్కారు దవాఖానలో ఆయా, పళ్ల డాక్టరు గది ముందు డ్యూటీ. రెండు గల్లీల అవతల ఉండేది. ఒకరోజు నేనూ పెద్దత్తమ్మతో వెళ్లాను. ఈశ్వరయ్య ఏదో అడిగితే ఆమె జవాబు చెప్పింది. రాహేలు చటుక్కున తిరిగి చూసింది.

"అమ్మా, ఒక్కసారి నోరు తెరువుండ్రి."

పెద్దత్తమ్మ ఆమెను కాలి నుంచి తల దాకా చూసింది. "ఎందుకు, నీ చెంబుల పాలు నా నోట్లె దాసిన్నా?"

"గట్ల గాదమ్మా. ఇసొంటి మాట నేను దినాం వింట. నోరు ఎన్ని వేళ్లు తెరుసుకుంటది? మూడు పోవాలె. మీకు రెండు గూడ కష్టమే. వక్క తింటరు గద?"

"మా ఇండ్లల్ల విధవలు వక్క ముట్టరు."

"మీ ఇండ్ల సంగతి నాకెందుకమ్మా? మీ సంగతి అడిగిన" అంది రాహేలు. పాలు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రోజంతా పెద్దత్తమ్మ రాహేలును తిట్టింది. మర్నాడు ఒక్కర్తే అద్దం పట్టుకుని వాకిట్లో వెలుతురుకు నిలబడటం చూశాను. లోపల బుగ్గ ఎర్రగా లేదు. సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. ఎడమవైపు, వక్క పెట్టే చోట, గరుకుగా ఒక మచ్చ.

నేను సదాశివతో చెప్పాను. ఆయన వారం రోజులు ధైర్యం కూడగట్టుకుని తండ్రితో చెప్పాడు. వదినగారి ఆరోగ్యం చెడితే ఏకాదశి మధ్యాహ్నాలు చెడతాయి కనుక మామగారు ఒప్పుకున్నారు. 1955 జనవరిలో టాంగా కట్టించుకుని మామగారూ, నేనూ, పెద్దత్తమ్మా దవాఖానకు వెళ్లాం.

డాక్టరుగారు నెమ్మదైన మనిషి. తన రెండు వేళ్లు ఆమె పళ్ల మధ్య పెట్టబోతే పట్టలేదు. బుగ్గ లోపల తడిమి, "తాళ్లలాగ గట్టిపడిపోయింది. అమ్మా, సుపారీ అలవాటుందా?" అని అడిగారు.

పెద్దత్తమ్మ నోరు విప్పే లోపలే మామగారు చెవులు పట్టుకున్నారు. ఆయన బుగ్గలో అప్పుడు కూడా పాన్ ఉంది. "తోబా తోబా! డాక్టర్ సాబ్, ఏం మాట్లాడుతున్నరు? మా ఖాందాన్‌ల విధవ స్త్రీలు తాంబూలం ముట్టరు."

"తాంబూలం కాదండీ. ఉత్త వక్క?"

"అసలే లేదు. ఈమె వ్రతస్థురాలు. వాడకట్టంతా మొక్కుతది."

డాక్టరు పెద్దత్తమ్మ వైపు చూశారు. ఆమె నేల చూసింది. డాక్టరు నా వైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. అందులో ఏ నెల ఉందో కూడా నాకు గుర్తు లేదు.

"సుపారీ లేకపోతే తిండి లోపం కావచ్చు. రక్తం తక్కువగా ఉంది" అని విటమిను మాత్రలూ టానిక్కూ రాసి, నెలకు మళ్లీ తీసుకురమ్మన్నారు. మళ్లీ తీసుకెళ్లలేదు. టానిక్కులో సారాయి వాసన ఉందని మామగారు సీసా పారేయించారు. గది బయట బెంచీ దగ్గర నిలబడి ఉన్న రాహేలు మమ్మల్ని చూసింది.

ఆరు నెలలు గడిచాయి. మచ్చ పుండైంది. ఉదయం పుక్కిలిస్తే నీళ్లలో ఎర్రటి చార. చెవి దాకా పోటు. అయినా బుగ్గ మార్చి కుడివైపు వక్క పెట్టుకునేది. నేను డబ్బా దాచేస్తే వెతికి తీసుకుంది. "ఇదొక్కటే నాది" అంది. ఆ మాట అర్థం కావడానికి నేను రెండుసార్లు అడగవలసి వచ్చింది.

తొలి ఏకాదశి వచ్చింది. హాలు నిండింది. ముప్పై మందికి తక్కువ లేరు. ముందు గదిలో మామగారు ఇద్దరు స్నేహితులతో కూర్చున్నారు. సుశీలమ్మగారు తన వెంట ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. కోడలట. కొడుకు పోయి నాలుగు నెలలైంది. ఆ పిల్ల పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ముందురోజు మధ్యాహ్నం నుంచి నీళ్లు ముట్టలేదని అత్తగారే గొప్పగా చెప్పింది.

"అమ్మా, ఇది ఊకె ఆకలి ఆకలని ఏడుస్తది. మీ లెక్క దీనికి గూడ ఆకలి అడగకుంట ఉండే నియమం ఏదన్న చెప్పుండ్రి. మీ పాదాల కాడ నేర్చుకుంటది" అంది సుశీలమ్మ, ఆ పిల్ల మెడ వంచి పెద్దత్తమ్మ కాళ్ల మీద పెడుతూ.

పెద్దత్తమ్మ ఆ పిల్ల గీసిన తల వైపు చూసింది. తర్వాత నన్ను పిలిచి, "పోపుల డబ్బా తే" అంది.

నాకు వినబడింది. కదల్లేదు. "తే" అంది మళ్లీ. తెచ్చాను.

ఆమె కింది అర బయటికి లాగి పీట ముందు నేల మీద బోర్లించింది. వక్కపలుకులు చెల్లాచెదరుగా పడ్డాయి. ఆడవాళ్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. పెద్దత్తమ్మ మాట్లాడసాగింది. మాట నలిగి వస్తోంది, ముందు వరుసకు కూడా అర్థం కావడం లేదు. ఆమె ఆగి, నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగింది.

"నాకు నోరు లేదు. నువ్వు చెప్పు. నేనన్నది అన్నట్టే చెప్పు."

అప్పటికి నాలుగేళ్లుగా నేను నోరు మూసుకుని ఉన్నాను. ఆమెకు జబ్బు. నాకు ఏ జబ్బూ లేదు. ఆమె ఒక్కో ముక్క అంటుంటే నేను గట్టిగా చెప్పాను.

"నియమం అడిగినవ్ గద సుశీలమ్మా, ఇదే నా నియమం. ఇరవై నాలుగేండ్ల సంది వక్క తింటున్న. దొంగతనంగ. ఆకలికి ఓర్వలేక. మౌనం గాదు, నోరు తెరుసుకుంటలేదు. ఉపవాసం గాదు, మంటకు తినలేకపోతున్న. లోపల పుండు ఉంది. మీరు మొక్కింది దానికి. మీరు దేవుని ముందు పెట్టిన వక్కలు గూడ నేనే తిన్న. మాణిక్యమ్మా, నువ్వు పుచ్చినవి ఇచ్చినవ్, అది గూడ తెలుసు."

పెద్దత్తమ్మ పళ్లెంలోంచి ఒక అరటిపండు తీసి, ఒలిచి, ఆ పిల్ల నోటికి అందించింది. "తిను. ఆకలైతే అన్నం తినాలె. ఇది తినద్దు" అని నేల మీది వక్కలు చూపించింది. అదీ నేనే చెప్పాను. ఆ పిల్ల అత్త వైపు చూడలేదు. సగం పండు ఒక్కసారే మింగింది. సుశీలమ్మ రెక్క పట్టి లాగేసరికి మిగతా సగం కింద పడింది.

హాలు ఎంత తొందరగా ఖాళీ అయిందో చెప్పలేను. భక్తి పోయింది కానీ లెక్కలు పోలేదు. ఎవరి కొబ్బరికాయ వాళ్లు వెతుక్కుని తీసుకెళ్లారు. మాణిక్యమ్మ అరటి హస్తం చంకలో పెట్టుకుని, "అప్రదిష్టపు ముండ" అంటూ మెట్లు దిగింది.

ముందు గదిలోంచి మామగారు వచ్చారు. స్నేహితులు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. ఆయన ముఖం నల్లబడింది.

"నా ఇజ్జత్ తీసినవ్ వదినే! ఇంత బతుకు బతికి! ఆఫీసరు భార్య ముందట!"

"డాక్టరు ముందట నువ్వు నా పానం తీసినవ్" అంది ఆమె. ఇది నేను చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. ఆయనకు అర్థమైంది.

"జ్వరంల మాట్లాడినవని చెప్తా. శుద్ధి చేయిస్తా. వచ్చే ఏకాదశికి నువ్వే అందరికీ చెప్పాలె, మతి చలించి అట్ల అన్ననని."

"కాగితం రాసుకరా, ఏలుముద్ర వేస్త. ఉర్దూల రాస్తవా, ఇంగ్లీషులనా? రెండు నీకు రావు."

మర్నాడు పొద్దున ఈశ్వరయ్య కొట్టం దగ్గర ఆమె రాహేలు కోసం నిలబడింది. రాహేలు రాగానే చెంబు కింద పెట్టి, "వక్క తిన్న. ఇరవై నాలుగేండ్లు. పోదాం పా" అంది. రాహేలు పాలు కూడా తీసుకోకుండా దవాఖాన దారి పట్టింది. నేను కూడా వెళ్లాను. సదాశివ గుమ్మం దాకా వచ్చి, తండ్రి దగ్గు వినబడగానే లోపలికి వెళ్లిపోయాడు.

డాక్టరుగారు అంతా విని, పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపించారు. పది రోజులకు చెప్పారు, రాచపుండు అని. మెడలో గడ్డలు ఇంకా రాలేదు గనక కోసి తీసేయవచ్చని. "జనవరిలో నిజం చెప్పి వక్క మానేసి, నెలనెలా చూపించుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో" అన్నారు. అలా అంటూ నా వైపు చూశారు. ఈసారి నేను క్యాలెండరు చూడలేదు.

ముక్కులోంచి గొట్టం వేసి మత్తు ఇచ్చారట. ఎడమ బుగ్గ లోపలి భాగం తీసి, తొడ మీది చర్మం అతికించారు. ముఖం ఒక పక్కకు లాగినట్టయింది. ఇరవై రోజులు గొట్టంలోంచే తిండి. నేను రోజూ సాయంత్రం ఐదు గంటలకు వెళ్లేదాన్ని, గుడికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి. అబద్ధాలు ఆడటం ఆ ఇంట్లో బాగానే అబ్బింది నాకు.

వక్క కోసం ఆమె పడిన బాధ పుండు కంటే ఎక్కువ. దిండు అంచు నమిలేది. గొట్టం తీసేశాక ఒకరోజు రాహేలు గిన్నెలో గోరువెచ్చటి జొన్న గటక, మజ్జిగ కలిపి పలచగా చేసి తెచ్చింది. తన ఇంట్లో వండింది. చెంచా పట్టుకుని, "తింటరా అమ్మా?" అని అనుమానంగా అడిగింది.

పెద్దత్తమ్మ ఆ గిన్నె వైపు చూసింది. "ఉప్పు తక్కువైంది" అంది మొదటి చెంచా మింగి. తర్వాత గిన్నె ఖాళీ చేసి, "సాయంత్రం గూడ తే" అంది. ఇరవై నాలుగేళ్లలో ఆమె రెండో పూట తిండి అడగడం అదే మొదలు.

ఇంటికి తీసుకొచ్చినప్పుడు మామగారు గుమ్మంలోనే షరతులు చదివారు. వంటింట్లోకి రాకూడదు, దేవుడి గదిలోకి రాకూడదు, వాకిట్లో కూర్చోకూడదు, ఆ కిరస్తానీ మనిషి గడప తొక్కకూడదు. ఆమె నిలబడే వింది. తర్వాత లోపలికి వెళ్లి రెండు చీరలు, ఒక చెంబు, ఒక దుప్పటి మూట కట్టుకుని బయటికి వచ్చింది. నేను ఏడ్చాను. "ఏడ్వకు. నీ మామకు పప్పుల ఉప్పు ఎక్కువెయ్యి, గంతే చాలు నాకు" అంది. రాహేలు ఇంటి పక్కన ఒక గది ఖాళీగా ఉంటే అందులో చేరింది. మా ఇంటికి రెండు గల్లీల దూరం.

వదినగారు కాశీలో ఉన్నారని మామగారు అందరికీ చెప్పారు. కాశీలో ఉన్నావిడ రోజూ పొద్దున ఈశ్వరయ్య కొట్టం దగ్గర పాలు పితికించుకుంటుందని గౌలిపురలో అందరికీ తెలుసు. అయినా ఆయన ఎదురుపడితే, "కాశీ నుంచి ఉత్తరం వచ్చిందా?" అని అడిగేవారు. ఆయన, "వచ్చింది, కులాసా" అనేవారు. పెద్దమనుషులు ఇలాగే ఒకళ్లనొకళ్లు కాపాడుకుంటారు.

1956లో డాక్టరుగారు ఆమెను పళ్ల గది ముందు రోజుకూలి ఆయాగా పెట్టించారు. వరుసలో కూర్చున్న రోగుల నోరు ఎన్ని వేళ్లు తెరుచుకుంటుందో చూడటం, ఏం నములుతారో అడిగి చీటీ మీద గీతలు పెట్టడం ఆమె పని. తల గీయించుకోవడం మానేసింది. నెరిసిన వెంట్రుకలు పొట్టిగా పెరిగాయి. ఆమె అడిగే తీరు ఏ డాక్టరుకూ రాదు. "ఏమీ తినను" అన్నవాళ్ల ముఖం ముందు తన ముఖం పెట్టి, వంకర పెదవి వేలితో లాగి, లోపలి అతుకు చూపించేది. "నేను గూడ ఏమీ తినలే. సూడు" అనేది. చాలామంది అక్కడికక్కడే జేబులో పొట్లం తీసి ఇచ్చేసేవారు. మౌల్వీలు, వకీళ్లు, బడిపంతుళ్లు, పెళ్లి కావలసిన ఆడపిల్లలు, అందరూ ఆమెకు ఒకటే. కొందరు తిట్టేవారు. ఒక వకీలు ఫిర్యాదు కూడా రాశాడు. డాక్టరుగారు దాన్ని ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు.

ఆ చిన్న పిల్ల, సుశీలమ్మగారి కోడలు, ఏమైందో నాకు తెలియదు. పెద్దత్తమ్మ చాలాసార్లు అడిగింది. కనుక్కోలేకపోయాను.

మామగారికి ఏమీ కాలేదు. అదీ చెప్పాలి. నలభై ఏళ్లుగా పాన్, జర్దా నమిలిన ఆ నోరు ఇవాళ్టికీ మూడు వేళ్లు కాదు, నాలుగు వేళ్లు తెరుచుకుంటుంది. రిటైరైపోయి, ఆరోగ్య సూత్రాల గురించి పక్కింటి వాళ్లకు ఉపన్యాసాలు ఇస్తున్నారు. రోగానికి న్యాయం చేసే బుద్ధి ఉంటుందని ఎవరైనా అనుకుంటే, వాళ్లు మా వాకిట్లో ఒక్క సాయంత్రం కూర్చుంటే చాలు.

నేను ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాను. తొలి ఏకాదశినాడు నా గొంతులోంచి వచ్చిన ఆ మాటలు నావి కావు, ఆమెవి. నా సొంత మాటలు ఇంకా బయటికి రాలేదు. వ్రతాలు మాత్రం నా చేతి మీదుగా జరిగితే వక్కలకు బదులు పసుపుకొమ్ములు పెడుతున్నాను. మామగారు ఒకసారి అడిగారు. వక్కలు పుచ్చిపోయాయని చెప్పాను.

నిరుడు ఆమె కుడి బుగ్గలో ఇంకో మచ్చ వచ్చింది. తనే అద్దంలో చూసుకుని ఆ రోజే డాక్టరుకు చూపించింది. చిన్నదిగా ఉండగానే కోసి తీసేశారు. పదిహేను రోజులకు మళ్లీ బెంచీ దగ్గరకు వెళ్లింది. నోరు మాత్రం వేలున్నర కంటే తెరుచుకోదు. ఇంక తెరుచుకోదని కూడా చెప్పారు.

పోయిన ఆదివారం వెళ్లినప్పుడు మెత్తగా వండిన అన్నం, నెయ్యి, పెసరకట్టు తీసుకెళ్లాను. రాహేలు చర్చి నుంచి వచ్చేదాకా ఆగి ముగ్గురం కలిసి తిన్నాం. పెద్దత్తమ్మకు ఒక చిన్న గిన్నె అన్నం తినడానికి ముప్పావుగంట పడుతుంది. మేము కబుర్లు చెబుతూ కూర్చున్నాం.

"మళ్ల వస్తే భయం కాదా?" అని అడిగాను.

"ఎందుకు కాదు? దినాం అయితది. పొద్దున అద్దం చూసుకునేటప్పుడల్ల" అంది. చెంచా గిన్నెలో తిప్పింది. "గని పిల్లా, ఇప్పుడు ఆకలైతే తింటున్న గద."

ఇంకొంచెం అన్నం పెట్టమని గిన్నె నా వైపు జరిపింది.